రిపోర్టులో ‘కాల్సిఫికేషన్’ అని ఉంటే ఎక్కడ, ఎందుకు అని అడుగుదాం

(సమాఖ్య వార్షిక మహాసభలో బెంజ్ సర్కిల్ ప్రాంత సంఘాల తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏడూ ఈ సభలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని చెప్పుకుంటాం. మా లెక్కలు కోశాధికారి గారికి ఇచ్చేశాం, అవి మళ్లీ చదవం. ఈసారి మా సంఘం చేసిన ఒక తప్పు గురించి చెప్పాలని వచ్చాం. డబ్బులో తప్పు కాదు, మాటలో తప్పు. డబ్బులో తప్పయితే తర్వాతి నెల సరిచేసుకోవచ్చు. ఈ మాట తప్పు వల్ల మాలో ఒకరి ప్రాణం మీదికి వచ్చేది. ఇందులో ఉన్న ఇద్దరు అక్కల్నీ అడిగాం. పేర్లు లేకుండా చెప్పమన్నారు, చెబుతున్నాం.

మేం పదకొండు మందిమి. బెంజ్ సర్కిల్ చుట్టుపక్కలే మా ఇళ్లు, మా పనులు. ఒక అక్కది టిఫిన్ బండి. తెల్లవారుజామున మూడున్నరకి లేచి పిండి కలిపి, ఆరింటికల్లా ఫ్లైఓవర్ దగ్గరికి బండి తోసుకొస్తుంది. ఇంకో అక్క పటమటలో కుట్టుపని చేస్తుంది. ఇద్దరికీ ఒకే ఏడాదిలో ఆసుపత్రి కాగితం మీద ఒకే మాట వచ్చింది. కాల్సిఫికేషన్. అంటే ఉండకూడని చోట కాల్షియం పేరుకుంది అని. మన భాషలో సున్నం కట్టింది అంటాం.

ముందు టిఫిన్ బండి అక్క సంగతి. కుడి భుజం నొప్పి. చెయ్యి పైకి ఎత్తలేదు, జడ వేసుకోలేదు, రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేదు. ఎక్స్‌రే తీస్తే భుజంలో తెల్లటి మచ్చ. కాల్షియం పేరుకుందన్నారు. ఇంక అందరం డాక్టర్లమైపోయాం. పాలు మానెయ్ అని ఒకరు, పెరుగు మానెయ్ అని ఒకరు, రాగిజావ తాగుతున్నావుగా అందుకే అని ఇంకొకరు, బోరు నీళ్లలో సున్నం ఉంటుంది కదా అదే భుజంలో చేరిందని మరొకరు. ఆ అక్క మా మాట విని పాలు, పెరుగు, రాగులు, ఆకుకూర అన్నీ ఎనిమిది నెలలు మానేసింది. నొప్పి తగ్గలేదు. పైగా నడుము నొప్పి, పిక్కలు పట్టేయడం మొదలయ్యాయి. చివరికి ఒకాయన దగ్గర సున్నాన్ని కరిగించే కోర్సు ఉందట, నలభై వేలవుతుంది, అప్పు ఇవ్వండి అని సంఘంలో అడిగింది.

మేం ఇవ్వలేదు. తెలివితో ఆపామని చెప్పుకోం. ఆ నెల బ్యాంకు వాయిదా ఉంది, చేతిలో అంత డబ్బు లేదు. వచ్చే నెల చూద్దాం, ఈలోగా పెద్దాసుపత్రిలో ఒకసారి చూపించుకో అన్నాం. తోడు ఇద్దరం వెళ్లాం.

ఎముకల డాక్టరు గారు అడిగిన మొదటి మాట, షుగర్ పరీక్ష ఎప్పుడు చేయించుకున్నావమ్మా అని. ఎప్పుడూ చేయించుకోలేదు. చేయిస్తే పరగడుపునే 240 ఉంది. భుజంలో సున్నం సంగతి కనుక్కుందామని వెళితే ఒంట్లో షుగర్ బయటపడింది. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లలో ఈ భుజం జబ్బు ఎక్కువగా కనిపిస్తుందట. ముప్పై నుంచి అరవై మధ్య వయసు వాళ్లలో, మగవాళ్ల కన్నా ఆడవాళ్లలో ఎక్కువట.

తినే పాలకీ భుజంలో మచ్చకీ సంబంధం లేదని ఆయన చెప్పినప్పుడు మాకు నమ్మబుద్ధి కాలేదు. అర్థమయ్యేదాకా అడిగాం. అర్థమైంది మన సంఘం లెక్కలో పెట్టి చెబుతాం.

మన ఒంట్లో మొత్తం కిలో దాకా కాల్షియం ఉంటుంది. అందులో నూటికి తొంభై తొమ్మిది వంతులు ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. అది బ్యాంకులో పొదుపు అనుకోండి. మిగతా ఒక్క వంతు రక్తంలో, కండలో, నరాల్లో తిరుగుతుంది. అది చేతిలో నగదు. ఈ నగదు ఎప్పుడూ ఒకే లెక్కలో ఉండాలి. పెరిగినా ప్రమాదమే, తగ్గినా ప్రమాదమే, ఎందుకంటే గుండె కొట్టుకోవడానికీ కండ కదలడానికీ అదే కావాలి. ఈ లెక్క చూసే వాళ్లు మెడలో థైరాయిడ్ వెనక ఉంటారు. బియ్యపు గింజంత గ్రంథులు నాలుగు, పారాథైరాయిడ్ అంటారు. నగదు తగ్గిందంటే వెంటనే బ్యాంకుకి వెళ్లి తీసుకొస్తాయి, అంటే ఎముకలోంచి కాల్షియం లాగుతాయి.

ఇప్పుడు చూడండి. మన అక్క పాలు, రాగులు మానేసింది. భుజంలో మచ్చ తరిగిందా? లేదు. రక్తంలో లెక్క నిలబెట్టడానికి ఎముకల్లోంచి తీసుకోవడం జరిగింది. భుజం బాగవుతుందని తిండి మానేస్తే నష్టపోయింది నడుము. మంచి మాట అనుకుని ఈ నష్టం తెచ్చిపెట్టింది మేమే.

మరి ఉండకూడని చోట కాల్షియం ఎందుకు చేరుతుంది? ముఖ్యంగా రెండు దారులు.

మొదటి దారి, అక్కడి కండో నరమో రక్తనాళమో దెబ్బతిని ఉండటం. రక్తంలో కాల్షియం లెక్క సరిగ్గానే ఉంటుంది. కానీ చచ్చుబడిన చోట, వాపు వచ్చి మానిన చోట కాల్షియం చేరి గట్టిపడుతుంది. గోడ పెచ్చు ఊడిన చోట మేస్త్రీ సున్నం మెత్తినట్టు అనుకోండి. ఎప్పుడో టీబీ వచ్చి మానిపోయినవాళ్లకి ఊపిరితిత్తుల్లో, మెడ గడ్డల్లో తెల్లటి మచ్చలు మిగులుతాయి. నెలసరి ఆగిపోయాక గర్భసంచిలో పాత గడ్డలు సున్నం కట్టి ఊరుకుంటాయి. పిరుదుల మీద ఇంజెక్షన్లు చాలాసార్లు వేయించుకున్నవాళ్లకి అక్కడ గట్టి బొడిపెలు మిగులుతాయి. ఇలాంటివి చాలావరకు పాత గాయం గుర్తులే. భుజంలో మచ్చ కూడా ఈ కోవలోదే. చాలామందికి కొన్ని నెలల్లో దానంతట అదే కరిగిపోతుందట. విచిత్రం ఏమిటంటే, కరిగేటప్పుడే నొప్పి బాగా ఎక్కువగా ఉంటుందట. సరిగ్గా ఆ నొప్పి సమయంలోనే మనం భయపడి నలభై వేల కోర్సు వైపు పరిగెడతాం. మొండిగా ఉన్నవాళ్లకి సూదితో కడిగే పద్ధతి ఉంది, కానీ అది మందులు, వ్యాయామాలు చూశాక డాక్టరు చెప్పాల్సిన మాట.

రెండో దారి, రక్తంలో లెక్కే తప్పడం. అప్పుడు దెబ్బ తగలని చోట కూడా కాల్షియం చేరుతుంది. కిడ్నీలో, రక్తనాళాల గోడల్లో, ఊపిరితిత్తుల్లో. ఇది ప్రమాదకరమైన దారి. ఈ లెక్క తప్పించేవి ముఖ్యంగా మూడు.

ఒకటి, కిడ్నీ జబ్బు. మన ఎన్టీఆర్ జిల్లాలోనే ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్లు చితికిపోయాయో మనకి తెలుసు. శ్రీకాకుళం ఉద్దానం సంగతి రాష్ట్రమంతా తెలుసు. కిడ్నీ పనిచెయ్యకపోతే ఫాస్ఫరస్ అనే ఖనిజం బయటికి పోక రక్తంలో పెరిగిపోతుంది. ఇందాక చెప్పిన పారాథైరాయిడ్ గ్రంథులు అదుపు తప్పి ఎముకల్లోంచి కాల్షియం లాగుతూనే ఉంటాయి. ఆ రెండూ కలిసి రక్తనాళాల్లో, గుండె కవాటాల్లో గట్టిపడతాయి. డయాలసిస్ చేయించుకునేవాళ్లకి అన్నంతోపాటే వేసుకోమని ఫాస్ఫరస్ తగ్గించే బిళ్లలు ఇచ్చేది అందుకే. అవి బలం బిళ్లలు కావు, మానకూడదు.

ఇక్కడ ఒక మాట. భుజం నొప్పి, మోకాలి నొప్పి అని మందుల షాపులో చీటీ లేకుండా నొప్పి బిళ్లలు కొని నెలల తరబడి మింగుతాం. అవి కిడ్నీని దెబ్బతీస్తాయి. చిన్న సున్నం మచ్చ నొప్పికి మింగిన బిళ్ల పెద్ద సున్నం జబ్బుకి దారి తీయవచ్చు. టిఫిన్ బండి అక్క కూడా ఏడాది పాటు మింగింది. అదృష్టం, ఆమె కిడ్నీ పరీక్ష బాగానే వచ్చింది.

రెండు, డి విటమిన్ మితిమీరడం. అరవై వేల యూనిట్ల డి విటమిన్ వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలే రాస్తారు. మనం ఆ చీటీ దాచుకుని, బాగుందని ఏడాదంతా కొంటాం, మరదలికి కూడా కొనిపెడతాం. పెద్దవాళ్లకి రోజుకి కావాల్సింది ఆరువందల యూనిట్లు. మోతాదు దాటి నెలల తరబడి వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం, మగత వస్తాయి, కిడ్నీల్లో కాల్షియం చేరుతుంది. తిండిలో ఉన్న కాల్షియం ఇలా చెయ్యదు. లెక్కలేకుండా మింగే బిళ్లలు, ఇంజెక్షన్లు చేస్తాయి.

మూడు, ఆ పారాథైరాయిడ్ గ్రంథిలోనే చిన్న గడ్డ రావడం. అప్పుడు లెక్క చూసేవాళ్లే లెక్క తప్పుతారు. మాటిమాటికీ కిడ్నీలో రాళ్లు వచ్చేవాళ్లకి రక్తంలో కాల్షియం పరీక్ష రాసేది ఇందుకే. రాళ్లున్నాయని పాలు మానేసేవాళ్లు మనలో చాలామంది. తిండిలో కాల్షియం మరీ తగ్గితే ఆక్సలేట్ అనే పదార్థం ఒంట్లోకి ఎక్కువగా వెళ్లి, కొన్ని రకాల రాళ్లు ఇంకా పెరగవచ్చు. డాక్టరు చెప్పకుండా మానకండి.

మరి బోరు నీళ్ల మాట? బిందె అడుగున తెల్లగా కట్టే సున్నం మన భుజంలోకి వచ్చి కట్టదు. కానీ నీళ్లకి అసలు సంబంధమే లేదని కూడా అనకూడదు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుంటే వెన్నెముకని పట్టి ఉంచే నారలు కూడా సున్నం కట్టి కర్రలా బిగుసుకుపోతాయి. మెడ తిరగదు, నడుము వంగదు, నరం నలిగి కాళ్లు పడిపోతాయి. మన దేశంలో ఈ జబ్బుని మొదట గుర్తించి రాసింది మన తెలుగు ఊళ్లలోనే, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఆ తర్వాత నల్గొండ జిల్లా ఎంత బాధపడిందో మీకు తెలుసు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాటకూడదు అని మన దేశపు ప్రమాణం. ఈ జబ్బుకి మందు లేదు, నీళ్లు మార్చడం ఒక్కటే దారి. కృష్ణ నీళ్లు పైపులో ఇంటికి వచ్చే మనకి దాని విలువ తెలియదు. బోరు మీద బతికే బంధువులుంటే నీళ్ల పరీక్ష చేయించుకోమని చెప్పండి.

ఇప్పుడు మా తప్పు దగ్గరికి వస్తాం.

టిఫిన్ బండి అక్కకి వ్యాయామాలు చెప్పారు, షుగర్ మందు ఇచ్చారు, పాలు, రాగులు మళ్లీ తినమన్నారు. నాలుగు నెలల్లో చెయ్యి పైకి లేచింది. నలభై వేలు మిగిలాయి. మేం సంతోషం పట్టలేక నెలసరి సమావేశంలో గట్టిగా చెప్పుకున్నాం. “కాల్షియం పేరుకుంది అంటే భయపడక్కర్లేదు, అదేం కాదు, అదే కరిగిపోతుంది” అని. ఆ మాట అన్నది ఎవరో ఒకరు కాదు, అందరం అన్నాం.

ఆ సమావేశంలో కుట్టుపని అక్క కూడా ఉంది. వయసు నలభై ఏడు. అంతకు పది రోజుల ముందే ఒక క్యాంపులో రొమ్ముకి మమోగ్రామ్ అనే ఎక్స్‌రే తీయించుకుంది. గడ్డ లేదు, నొప్పి లేదు. రిపోర్టు చేతికి వచ్చింది. అందులో మైక్రో కాల్సిఫికేషన్ అని రాసి, ఇంకా పరీక్షలు చేయించమని ఉంది. ఎవరూ విడమరిచి చెప్పలేదు. మా మాట విన్నాక ఆమెకి ధైర్యం వచ్చింది. ఓహో, ఇదీ ఆ కాల్షియమే కదా, కరిగిపోతుంది అనుకుని కాగితాన్ని బీరువాలో చీరల కింద పెట్టేసింది. నాలుగు నెలలు అక్కడే ఉంది.

సంక్రాంతి ముందు చీరలు సర్దుతుంటే కూతురికి ఆ కాగితం కనబడింది. ఇంటర్ చదివే పిల్ల. చదివి భయపడి మా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. “పెద్దమ్మా, ఇది చూడండి, అమ్మ ఏం కాదంటోంది” అంది. ఆ రోజు మా గుండెలు ఎలా కొట్టుకున్నాయో ఇక్కడ చెప్పలేం. తర్వాతి రోజే తీసుకెళ్లాం.

డాక్టరమ్మ చెప్పింది ఇది. రొమ్ములో కాల్షియం చుక్కలు రెండు రకాలు. పెద్దవి, గుండ్రంగా ఉండేవి వయసుతో వస్తాయి. యాభై దాటిన ఆడవాళ్లలో దాదాపు సగం మందికి ఉంటాయి, ఎక్కువగా హాని లేనివే. ఇసుక రేణువుల్లాంటి సన్నవి ఒకచోట గుంపుగా చేరితే మాత్రం ఊరుకోకూడదు. వాటిలో కూడా చాలావరకు మంచివే ఉంటాయి. కానీ కొన్నిసార్లు పాల గొట్టాల్లో క్యాన్సర్ మొదలవుతున్న చోట కణాలు చచ్చిపోయి, ఆ చోట కాల్షియం చేరుతుంది. చేతికి గడ్డ తగలక ముందే కనబడే గుర్తు అది. అప్పుడు సూదితో ముక్క తీసి చూడాలి. పాలు తాగితే వచ్చేది కాదు, పాలు మానితే పోయేదీ కాదు.

ముక్క తీసి చూశారు. క్యాన్సరే. కానీ పాల గొట్టం దాటని దశ. చిన్న ఆపరేషన్ చేశారు, ఆ తర్వాత కరెంటు పెట్టారు. ఇప్పుడు మిషన్ మీద కూర్చుంటోంది. ఇవాళ ఈ హాల్లోనే ఉంది. ఇంకో ఏడాది ఆ కాగితం చీరల కింద ఉండి ఉంటే ఏమయ్యేదో మేం ఇక్కడ నిలబడి చెప్పలేకపోయేవాళ్లం. దారి ఖర్చులకీ పరీక్షలకీ సంఘం పదిహేను వేలు అప్పు ఇచ్చింది. వడ్డీ తీసుకోకూడదని పదిమందిమీ తీర్మానం రాశాం.

అక్కలారా, ఈ ఇద్దరి కాగితాల మీదా ఉన్నది ఒకే మాట. ఒకరు అనవసరంగా భయపడి తిండి మానేశారు. ఇంకొకరు అనవసరంగా ధైర్యపడి పరీక్ష మానేశారు. రెండింటికీ కారణం మేమే. కాల్సిఫికేషన్ అనేది జబ్బు పేరు కాదు. ఇక్కడ ఏదో జరిగింది అని ఒళ్లు పెట్టిన గుర్తు. గోడ మీద తేమ మచ్చ చూసి ఇల్లు కూలుతుందని ఏడవం, సున్నం కొట్టేసి ఊరుకోం కూడా. పైపు ఎక్కడ కారుతోందో చూస్తాం. ఇదీ అంతే.

అందుకని మా సంఘంలో ఈ ఏడాది కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. మీకూ పనికొస్తాయేమో చూడండి.

ఎవరికి ఏ రిపోర్టు వచ్చినా డాక్టరుని నాలుగు మాటలు అడిగి, జవాబులు పుస్తకంలో రాసుకోవాలి. ఎక్కడ చేరింది? ఎందుకు చేరింది? ఇంకా పరీక్ష కావాలా? మళ్లీ ఎప్పుడు రావాలి? అడగడానికి బెరుకైతే సంఘం నుంచి ఒకరు తోడు వెళ్లాలి.

ఒకరికి తగ్గిన మందు, ఒకరికి చెప్పిన ధైర్యం సమావేశంలో అందరికీ పంచకూడదు. “నాకు ఇలా జరిగింది, నువ్వు డాక్టరుని అడుగు” అనాలి. “ఏం కాదు” అనే మాట డాక్టరు అన్నాకే మనం అనాలి.

కరిగిస్తాం, తీసేస్తాం అనే కోర్సులకి రెండో డాక్టరు మాట లేకుండా అప్పు ఇవ్వం.

తిండి మానిపించం. ఆడవాళ్లకి రోజుకి వెయ్యి మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వంద గ్రాముల రాగుల్లో మూడు వందలకు పైగా ఉంటుంది. పాలు, పెరుగు, నువ్వులు, చిన్న చేపలు, తోటకూర, మునగాకు మన ఇళ్లలో ఉండేవే. గర్భిణులకి నాలుగో నెల నుంచి ప్రభుత్వం ఇచ్చే కాల్షియం బిళ్లలు భయపడి పారేయొద్దు, రోజుకి రెండు వేసుకోవాలి. ఐరన్ బిళ్లతో కలిపి మాత్రం వేసుకోకూడదు, వేర్వేరు వేళల్లో వేసుకోవాలి.

ముప్పై దాటిన ప్రతి సభ్యురాలికీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగర్, నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం పరీక్షలు ఉచితంగా చేస్తారు. మా పదకొండు మందిలో తొమ్మిది మందికి అయింది. మిగిలిన ఇద్దరికీ వచ్చే నెల పొదుపు కట్టే రోజే తీసుకెళతాం.

పదో తరగతి చదివిన వాళ్లం, డాక్టర్లం కాదు. మాకు తెలిసింది మీకు చెప్పాం, మా తప్పూ చెప్పాం. మీ నుంచి కోరేది ఒక్కటే. ఇవాళ ఇంటికి వెళ్లాక బీరువా తెరవండి. చీరల కింద, బియ్యం డబ్బా వెనక, దేవుడి పటం పక్కన పాత రిపోర్టు ఏదైనా ఉంటే తీయండి. మీది కావచ్చు, అత్తగారిది కావచ్చు. చదవడం రాకపోతే మీ సంఘానికి పట్టుకురండి. చదివి ‘ఏం కాదు’ అనడానికి కాదు. డాక్టరు దగ్గరికి మీతోపాటు రావడానికి.